ముందు నంబరు, తర్వాతే స్పానరు

పాత కారు కొని షెడ్డుకు చేర్చగానే అందరూ చేసే మొదటి పని విప్పడం. చిలకలూరిపేటలోనైనా, గుంటూరు ఆటోనగర్‌లోనైనా, ఒంగోలు బైపాసు పక్కనైనా వరస ఒకటే. బానెట్ ఊడదీస్తారు, సీట్లు బయట పడేస్తారు, డోర్లు గోడకు ఆనిస్తారు, ఇంజన్‌ను గొలుసు కప్పీతో పైకి లేపుతారు. ఆ ఊపులోనే, పెయింటుకు అడ్డమని, బానెట్ కింద రివెట్లతో బిగించిన చిన్న రేకు కూడా స్క్రూడ్రైవర్ మొనకు లేచి వచ్చి నట్ల డబ్బాలో పడుతుంది. కారు అద్దంలా తయారై బయటికొచ్చే రోజుకు ఆ రేకు ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. దొరికినా కొత్త పాప్ రివెట్లు కొట్టి అతికిస్తారు. నా వాదన ఏమిటంటే, పాత కారు పనిలో మొదటి వంతు మేస్త్రీది కాదు, యజమానిది. రికార్డులో ఉన్న నంబరూ ఇనుము మీద ఉన్న నంబరూ ఒకటేనని కాగితం మీద రుజువు చేసుకున్నాకే మొదటి నట్టు వదులు కావాలి. ఇది చాదస్తమని కొట్టిపారేసేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల అభ్యంతరాల్లో కొన్ని బలమైనవే కనుక వాటిని పక్కన పెట్టకుండానే ముందుకు వెళదాం.

ముందు ఏ నంబరు గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. బండికి ముందూ వెనకా కనిపించే రిజిస్ట్రేషన్ నంబరు ప్రభుత్వం ఇచ్చేది. అది మారవచ్చు. బండిని వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే మోటారు వాహనాల చట్టంలోని 47వ సెక్షన్ ప్రకారం కొత్త నంబరు తీసుకోవలసిందే. ఇంజన్ నంబరు కూడా, అనుమతి తీసుకుని ఇంజన్ మార్చితే, మారుతుంది. ఛాసిస్ నంబరు అలా కాదు, ఫ్యాక్టరీలో పడింది తుక్కయ్యేదాకా ఉండాలి. ఇప్పటి కార్లకు అది 17 అక్షరాలు, అంకెల వరస. ఒకటి, సున్నాలతో పొరబడతారని అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. మొదటి మూడు స్థానాలు చూస్తే తయారీదారు తెలిసిపోతాడు: మారుతిదైతే ఎం-ఏ-3, మహీంద్రాదైతే ఎం-ఏ-1, టాటాదైతే ఎం-ఏ-టీ. పాత అంబాసిడర్‌కు, ఫియట్‌కు, స్టాండర్డ్ హెరాల్డ్‌కు, విల్లీస్ జీపుకు ఈ సదుపాయం లేదు. ఏ కంపెనీ పద్ధతి ఆ కంపెనీది. చిన్న చిన్న నంబర్లు, చూడగానే సరైనదో కాదో చెప్పలేనివి. కంపెనీకి ఉత్తరం రాసి కనుక్కుందామంటే ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. కుర్లాలో పద్మినీలు చేసిన ప్రీమియర్ ఫ్యాక్టరీ లేదు, హెరాల్డ్‌లు చేసిన మద్రాసు స్టాండర్డ్ మోటార్స్ లేదు. అందుకే పాత బండి విషయంలో ఆ రేకుకూ, ఇనుములో గుద్దిన ఆ అంకెలకూ కొత్త కారులో లేనంత విలువ ఉంది. కొత్త కారుకు సాక్ష్యం నాలుగు చోట్ల దొరుకుతుంది. పాతదానికి సాక్ష్యం దాని ఒంటి మీదే.

ఆ సాక్ష్యం బండిని బట్టి వేర్వేరు చోట్ల ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధకాలపు జీపుల్లో విల్లీస్ తన నంబరును చిన్న పలకగా చేసి ముందు ఎడమవైపు ఛాసిస్ కమ్మీ లోపలి ముఖానికి రివెట్ చేసేది. అదే నమూనా జీపు చేసిన ఫోర్డ్ ఆ నంబరును ఎడమ కమ్మీ పైభాగాన నేరుగా ఇనుములోకి గుద్దేది. బుల్లెట్ మోటారు సైకిలుకైతే ఫ్రేము నంబరు హ్యాండిల్ తిరిగే మెడ గొట్టం మీద, ఇంజన్ నంబరు క్రాంక్‌కేసు మీద ఉంటాయి. పలకను పీకడానికి నిమిషం చాలు. గుద్దిన నంబరును పాడుచేయడానికి పీకనక్కరలేదు, తెలియకపోతే చాలు. ఇసుక బ్లాస్టింగ్‌కు పంపితే లోతు తక్కువగా ఉన్న అంకెలు అరిగిపోతాయి. పౌడర్ కోటింగ్‌కు పంపితే పూడిపోతాయి. లప్పం పట్టిస్తే మాయమవుతాయి. చెడ్డ ఉద్దేశం ఎవరికీ లేకుండానే బండి అనామకమైపోతుంది.

ఉద్దేశం మంచిదైతే చట్టం ఊరుకుంటుందన్న నమ్మకం చాలామందికి ఉంది. చట్టం మాటలు చూడండి. మోటారు వాహనాల చట్టం, 1988లో 55వ సెక్షన్‌లోని 5వ ఉపవిభాగం ప్రకారం, బండి మీద ఉన్న ఇంజన్ నంబరు లేదా ఛాసిస్ నంబరు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లో రాసిన నంబరుకు భిన్నంగా ఉందని తేలితే, యజమాని చెప్పుకునేది విన్న తర్వాత రిజిస్టరింగ్ అధికారి ఆ రిజిస్ట్రేషన్‌ను రద్దు చేయాలి. ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు అన్న ప్రశ్నలు అక్కడ లేవు. నంబర్లు కలిశాయా, లేదా అన్న ఒక్క ప్రశ్నే ఉంది. 2019 సవరణతో వచ్చిన 182-ఎ సెక్షన్ అనుమతి లేని మార్పుకు యజమానికి 6 నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చంటోంది. దీనికి మించింది భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్. దొంగసొత్తు అని తెలిసి గానీ, దొంగసొత్తని నమ్మడానికి కారణం ఉండి గానీ దురుద్దేశంతో దగ్గర పెట్టుకుంటే 3 ఏళ్ల వరకు శిక్ష. ఇక్కడ దురుద్దేశం రుజువు కావాలి, నిజమే. కానీ ‘నమ్మడానికి కారణం’ అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. పలక ఊడిన, అంకెలు గ్రైండర్‌తో అరగదీసిన బండిని సగం ధరకు కొన్న మనిషి, తనకు ఏ అనుమానమూ రాలేదని కోర్టులో చెప్పుకోవలసి వస్తే ఆ మాట ఎంత బలహీనంగా వినిపిస్తుందో ఆలోచించండి.

దీనికి అమెరికాలో ఒక ఉదాహరణ ఉంది. పాత కార్ల పనిలో దిగేవాళ్లందరికీ అది తెలియాలి. కాన్సస్ రాష్ట్రానికి చెందిన ఒకాయన వేరే రాష్ట్రపు డీలరు దగ్గర, చక్కగా బాగుచేసిన 1959 నాటి కార్వెట్ కొన్నాడు. 2017లో సొంత రాష్ట్రంలో రిజిస్టర్ చేయించబోతే, తనిఖీలో నంబరు పలక రివెట్లు అసలువి కావని తేలింది. గతంలో ఎవరో బాగుచేసేటప్పుడు పలక తీసి, పని అయ్యాక మళ్లీ బిగించారు. కారు దొంగిలించినదేమీ కాదు. కొన్న మనిషి నిర్దోషి అని ప్రభుత్వమూ కాదనలేదు. అయినా అక్కడి చట్టం ప్రకారం పలక కదిలిన కారు నిషిద్ధ వస్తువు, దాన్ని నాశనం చేయవలసిందే. కారును స్వాధీనం చేసుకున్నారు, వ్యాజ్యం ఏళ్ల తరబడి సాగింది. చివరకు రీస్టోరేషన్ కోసం పలక తీసి తిరిగి బిగించడాన్ని అనుమతిస్తూ 2022లో శాసనసభ చట్టాన్నే సవరించింది. కారు ఇల్లు చేరింది ఆ తర్వాతే. మన చట్టంలో నాశనం చేయాలన్న ఆ నియమం లేదు గానీ, బండి స్టేషన్ ఆవరణలో ఎండకు ఎండి వానకు తడిసే భాగ్యం మాత్రం ఉంది. స్వాధీనం చేసుకున్న వాహనాలను ఏళ్ల తరబడి స్టేషన్లలో ఉంచవద్దని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. మధ్యంతరంగా బండి విడిపించుకునే దారి ఉంది. అయితే ఆ దారిలో నడవాలన్నా బండి మీదేనని ముందు చూపించాలి, చూపించడానికి నంబరు కావాలి.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. కారు నాది, డబ్బు నేను పెట్టాను, దాని మీది రేకు కూడా నాదే, నా రేకును నేను పీకి నేను పెట్టుకుంటే మధ్యలో ప్రభుత్వానికేం పని? వినడానికి న్యాయంగానే ఉంది. దీనికి జవాబు దొంగబండ్ల వ్యాపారం నడిచే తీరులో ఉంది. ప్రమాదంలో నుజ్జయిన బండి కొనేవాడికి కావలసింది దాని ఇనుము కాదు, సి-బుక్కూ (అంటే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టూ) నంబరు పలకా. అదే మోడల్, అదే రంగు బండి ఒకటి ఎక్కడో మాయమవుతుంది. దాని నంబరు అరగదీసి, నుజ్జయిన బండి నంబరు గుద్ది, పలక బిగిస్తే దొంగబండికి శుద్ధమైన కాగితాలు వచ్చేస్తాయి. అంటే పలక ఒంటరిగా కూడా అమ్ముడుపోయే సరుకే. రిజిస్టరైన తుక్కు కేంద్రాలకు 2021లో కేంద్రం నిబంధనలు పెట్టినప్పుడు ఛాసిస్ నంబరు ముక్కను కోసి విడిగా భద్రపరచాలని రాసింది అందుకే. మీరు నిజాయితీగా పీకిన పలకా, దొంగ పీకిన పలకా చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. రెండింటికీ తేడా చూపగలిగేది, పీకక ముందే మీరు తయారుచేసుకున్న కాగితం ఒక్కటే. అనుమానం వచ్చాక చూపించే ఫొటో కంటే, పని మొదలుకాక ముందు రవాణా కార్యాలయంలో ఇచ్చి ముద్ర వేయించుకున్న అర్జీకి విలువెక్కువ.

నంబరు అరగదీస్తే ఎవరు కనిపెడతారన్నది రెండో అభ్యంతరం. దీన్ని బయటికి అనరు, షెడ్డులో మాత్రం వినిపిస్తుంది. ఇనుములో అంకె గుద్దినప్పుడు గుంట ఒక్కటే పడదు, గుంట కింద లోహం కూడా నలిగి గట్టిపడుతుంది. పైపొర గీకినా ఆ నలుగుడు లోపల ఉంటుంది. ఫోరెన్సిక్ ప్రయోగశాలలో కాపర్ క్లోరైడ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిసిన ద్రావణం పూస్తే నలిగిన చోటుకూ మామూలు చోటుకూ తేడా వచ్చి, పాత అంకె చాలాసార్లు మసకగా పైకి తేలుతుంది. నిజాయితీపరుడికి ఇది మంచి కబురే. తుప్పు తినేసిన నంబరు పూర్తిగా పోయిందని వెంటనే నిరాశపడనక్కరలేదు.

ఇక మన ప్రాంతపు అసలు సమస్యకు వద్దాం. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో పాత కార్లు ఎక్కడినుంచి వస్తాయో చూస్తే కాగితాల చిక్కు ఏ రకమో తెలుస్తుంది. జిన్నింగ్ మిల్లుల వెనక, పొగాకు గోడౌన్ల పక్కన, మిర్చి కమిషన్ వ్యాపారుల పాత ఇళ్ల వాకిళ్లలో రేకుల కింద పడున్న అంబాసిడర్లు, ఫియట్లు, జీపులే ఎక్కువ. వీటిలో చాలా వాటి సి-బుక్ మనిషి పేర ఉండదు, వ్యాపార సంస్థ పేర ఉంటుంది. ఆ సంస్థ భాగస్తులు విడిపోయి ఉంటారు, కొందరు కాలం చేసి ఉంటారు. అమ్మకానికి 29, 30 నంబరు ఫారాల మీద సంతకం ఎవరు పెట్టాలి? రద్దయిన సంస్థ పేర ఉన్న కారును ఒక భాగస్తుడి కొడుకు అమ్మితే ఆ అమ్మకం ఎంతవరకు చెల్లుతుంది? పొలం కొనేటప్పుడు ఇలాంటి ప్రశ్నలు ఈ జిల్లాల్లో ఎవరికీ నేర్పనక్కరలేదు. లింకు డాక్యుమెంట్లు లేకుండా, ఈసీ తీయకుండా సెంటు భూమి కొనరు. కారుకు కూడా లింకు డాక్యుమెంట్లు ఉంటాయి, వాటిని అదే పట్టుదలతో అడగాలి. సంస్థదైతే భాగస్వామ్యం రద్దు పత్రమూ, మిగిలిన భాగస్తుల సమ్మతీ కావాలి. చనిపోయిన తండ్రి పేర ఉంటే 31వ నంబరు ఫారంతో పాటు మిగతా వారసుల నిరభ్యంతరం కావాలి. ప్రభుత్వ శాఖ వేలంలో పాడుకున్న అంబాసిడర్ అయితే 32వ నంబరు ఫారమూ వేలం కాగితాలూ చూడాలి. సి-బుక్ మీద ఏనాటిదో ఫైనాన్సు కంపెనీ పేరుంటే, ఆ కంపెనీ ఉందో లేదో కనుక్కుని, 35వ నంబరు ఫారంతో అది కొట్టేయించుకునే భారం అమ్మేవాడి మీద పెట్టాలి. ఇవన్నీ తేలకముందు ఇచ్చే అడ్వాన్సు నీళ్లపాలైనట్టే.

కాగితం ఎక్కడ వెతకాలన్నది ఇంకో చిక్కు. ఇది కేవలం మన జిల్లాల చరిత్ర తెచ్చిపెట్టింది. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970 ఫిబ్రవరి 2న. అంతకుముందు ఒంగోలు, చీరాల, అద్దంకి గుంటూరు జిల్లాలో ఉన్నాయి. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరులో, మార్కాపురం, గిద్దలూరు కర్నూలులో ఉన్నాయి. 1965లో ఒంగోలు వ్యాపారి కొన్న కారు పాత రికార్డు కోసం ఒంగోలు ఆఫీసులో అడిగి, లేదన్నారని నిరాశపడితే లాభం లేదు, గుంటూరులో వెతికించాలి. కనిగిరి జీపుకు నెల్లూరు వెళ్లాలి. 1953 అక్టోబరు 1కి ముందు బండి అయితే అది మద్రాసు రాష్ట్రపు బండి. 2022 ఏప్రిల్‌లో పల్నాడు, బాపట్ల జిల్లాలు విడిపోయాయి కనుక ఇవాళ నరసరావుపేట, చీరాల బండ్ల వెతుకులాటకు మరో మెట్టు చేరింది. 1988 చట్టం అమల్లోకి వచ్చాక గుంటూరుకు ఏపీ 7, ప్రకాశానికి ఏపీ 27 స్థిరపడ్డాయి, 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. కాబట్టి నంబరు చూసి జిల్లా చెప్పే అలవాటు కొత్త బండ్లకు పనికిరాదు. వీటన్నిటికంటే ఎక్కువమంది పప్పులో కాలేసేది హైదరాబాద్ బండ్ల దగ్గర. ఏపీ 9 అని ఉంది, మన రాష్ట్రం బండే అనుకుంటారు. 2014 జూన్ 2 తర్వాత ఆ బండి రికార్డు తెలంగాణలో ఉంది. అక్కడినుంచి 28వ నంబరు ఫారంలో నిరభ్యంతర పత్రం తెచ్చుకుంటేగాని ఇక్కడ మీ పేర ఎక్కదు. మరో వంక పాత రికార్డు కంప్యూటర్లోకి ఎక్కని సందర్భాలూ ఉంటాయి. ఆన్‌లైన్లో నంబరు కొడితే ఏమీ రాకపోవడం బండి దొంగదనడానికి రుజువు కాదు. పాత రిజిస్టరు పేజీ వెతికించి, బ్యాక్‌లాగ్ కింద వివరాలు ఎక్కించమని అర్జీ పెట్టుకోవాలి. ఆ పని అయ్యాకే బేరం పూర్తి చేయండి. అవసరమైతే నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో వారి వాహన్ సమన్వయ్ సేవలో ఛాసిస్, ఇంజన్ నంబర్లు ఇచ్చి, దొంగబండ్ల జాబితాలో అవి లేవన్న పత్రం కూడా తీసుకోవచ్చు. అందులో పేరు లేకపోవడం ఒక్కటే చాలదు, ఉంటే మాత్రం ఇక మాట్లాడుకోవలసింది లేదు.

కాగితం తేలాక ఇనుము దగ్గరికి రావచ్చు. విప్పకముందే ఛాసిస్ నంబరు మీద మట్టి, గ్రీజు కిరసనాయిలు గుడ్డతో తుడవండి. వైరు బ్రష్షు, ఎమరీ పేపరు దగ్గరికి రానీయకండి. తెల్లకాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ప్రింటు తీయండి. రవాణా ఆఫీసుల్లో దశాబ్దాలుగా నడుస్తున్న పద్ధతే అది. ఫొటో మోసం చేయగలదు గానీ పెన్సిల్ ప్రింటులో అంకెల పరిమాణం, మధ్య ఎడం, గుద్దుడు వంకర ఉన్నవి ఉన్నట్టు పడతాయి. ఫొటోలు దగ్గరగా ఒకటి, చుట్టుపక్కల భాగం కనిపించేలా ఇంకొకటి తీయండి. రివెట్ల తలలు విడిగా తీయండి, కార్వెట్ యజమాని కొంప ముంచింది అవే. పలక ఊడదీయకుండానే పెయింటు వేయవచ్చు. దాని మీద మాస్కింగ్ టేపు వేసి చుట్టూ చేత్తో రుద్దుకుంటే మేస్త్రీకి కొంచెం శ్రమ పెరుగుతుంది, అంతే. బ్లాస్టింగ్‌కు పంపేటప్పుడు నంబరున్న చోట మందపాటి రబ్బరు పట్టీ కట్టి, ఆ జానెడు మేర చేత్తోనే శుభ్రం చేయమని రాతపూర్వకంగా చెప్పండి. రాసి ఇవ్వడం దేనికంటే, షెడ్డులో యజమాని మాట విన్నవాడు ఒకడు, గన్ను పట్టుకునేవాడు ఇంకొకడు.

నంబరు ఉన్న భాగమే తుప్పుకు పోయిందంటే ఏం చేయాలి? చీరాల నుంచి కొత్తపట్నం దాకా ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. రీస్టోరేషన్ చేసేవాళ్లు ఎత్తే అభ్యంతరాల్లో ఇదే బలమైనది, రేకు మార్చకపోతే కారు నిలవదు, మార్చితే నంబరు పోతుందని. రెండూ నిజమే. అయినా ఆ నిర్ణయం షెడ్డులో జరగకూడదు. కోయకముందు ఆఫీసుకు అర్జీ పెట్టి, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌కు, అంటే మన వాడుకలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు, ఉన్న స్థితిలో బండి చూపించాలి. తిరిగి గుద్దడానికి రాతపూర్వకంగా అనుమతి వచ్చాకే ఆయన చెప్పిన చోట, చెప్పిన విధంగా గుద్దించాలి. కోసిన పాత ముక్కను పారేయకుండా నంబరుతో సహా దాచాలి. పాత ముక్కను కొత్త రేకులో వెల్డింగ్ చేసి కలిపేయడం తెలివైన పనిలా కనిపిస్తుంది గానీ, నంబరు చుట్టూ వెల్డింగ్ అతుకు కనిపిస్తే ఏ ఇన్‌స్పెక్టరైనా మొదట అనుమానించేది దొంగతనాన్నే. ఇంటర్నెట్‌లో దొరికే కొత్త నకలు పలకలు కూడా అంతే. ఏ అంకెలూ లేని అలంకార పలకతో పెద్ద హాని లేదు. దాని మీద పాత నంబరు మీరే గుద్ది బిగిస్తే అది నకలు కాదు, కల్పిత సాక్ష్యం.

ఇంజన్ విషయంలో మన పల్లెలది వేరే చరిత్ర. పెట్రోలు ధరలు పెరిగాక ఎన్నో పెట్రోలు జీపులకు డీజిల్ ఇంజన్లు ఎక్కాయి. పత్తి బోరేలు లాగడానికి, పొగాకు చెక్కులు మోయడానికి అదే గిట్టుబాటు. కొన్నిటికి సి-బుక్కులో ఆ మార్పు రాయించారు, చాలావాటికి రాయించలేదు. ఇవాళ అలాంటి జీపు కొన్నవాడి ముందు సి-బుక్కులో పెట్రోలు అని, ఒక ఇంజన్ నంబరూ, బానెట్ కింద డీజిల్, ఇంకో నంబరూ ఉంటాయి. పైన చెప్పిన 55వ సెక్షన్ ఇంజన్ నంబరుకూ వర్తిస్తుందని గుర్తుంచుకోండి. 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు విరుద్ధమైన మార్పులు కుదరవు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు ఈ విషయంలో గట్టిగానే చెప్పింది. ఇక్కడ దారి రెండు రకాలు. మార్పు సి-బుక్కులో నమోదై ఉంటే ఆ ఇంజన్‌ను ఉంచేయండి. అందం కోసం పాత పెట్రోలు ఇంజన్ తెచ్చి పెట్టదలిస్తే దానికి బిల్లు, పాత బండి వివరాలు, అనుమతి కావాలి. నమోదు కాకపోతే అసలు రకం ఇంజన్‌కు తిరిగి వెళ్లడమే చట్టానికీ, రీస్టోరేషన్ స్ఫూర్తికీ దగ్గర. రెండింటికీ ఒకే సమాధానం దొరకడం అరుదు గనుక ఆ అవకాశం వదులుకోకండి.

రెండు బండ్లను కలిపి ఒకటి చేయడం దగ్గర అసలు చర్చ ఉంది. ఒక కారు బాడీ బాగుంది, కాగితాలు లేవు. ఇంకోదానికి సి-బుక్ ఉంది, బాడీ తుప్పు. మొదటిదాని ఒంటికి రెండోదాని పేరు పెడితే తప్పేమిటని అడుగుతారు. ఎన్ని భాగాలు మారితే బండి వేరే బండి అవుతుందన్నది నిజంగానే కష్టమైన ప్రశ్న. 1929లోనూ 1930లోనూ లెమాన్స్ పందెం గెలిచిన ఓల్డ్ నంబర్ వన్ అనే బెంట్లీ కారు గురించి లండన్‌లో 1990లో దావా నడిచింది. కోటి పౌండ్ల బేరం కుదిరాక కొనేవాళ్లు ఇది అసలు బండి కాదని వెనక్కి తగ్గారు. ఏళ్లు గడిచేకొద్దీ భాగాలెన్నో మారినా, ఆ బండి చరిత్ర ఎక్కడా తెగకుండా ఒకే వరుసలో నడిచిందని, ఆ పేరుకు మరో బండి పోటీ లేదని చూసి న్యాయమూర్తి అది ఓల్డ్ నంబర్ వన్నేనని తీర్పిచ్చారు. ఇది రెండు బండ్లు కలిపేవాళ్లకు అనుకూలమని కొందరు వాదిస్తారు. నాకు కనిపించేది దానికి వ్యతిరేకం. ఆ బండి నిలిచింది చరిత్ర తెగనందువల్ల. ఒక బండి శరీరం మీద ఇంకో బండి నంబరు పెట్టిన క్షణంలో రెండింటి చరిత్రా తెగిపోతుంది. జీపులాగా విడి ఛాసిస్ ఉన్న బండికి పైబాడీ మార్చుకోవచ్చునేమో గానీ, నంబరున్న ఛాసిస్ మారకూడదు. అంబాసిడర్‌కు విడి ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. కనుక అక్కడ ఆ వెసులుబాటూ లేదు. కాగితాలు లేని మంచి బాడీని విడిభాగాలుగా వాడుకోండి, దాని నంబరును తాకకండి, ఎక్కడినుంచి తెచ్చారో బిల్లు దాచండి. దానివల్ల కొంత మంచి ఇనుము వృథా పోతుంది. ఆ నష్టం నాకూ కష్టంగానే అనిపిస్తుంది, అయినా ఒప్పుకోక తప్పదు.

నేను రోడ్డు మీద తిప్పను, ఊరేగింపుల్లో, ప్రదర్శనల్లో పెడతాను, నాకెందుకీ గొడవ అనేవాళ్లు 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చిన వింటేజ్ నియమాలు చదవాలి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, సొంత వాడకానికి ఉంచుకున్న ద్విచక్ర, నాలుగు చక్రాల బండ్లు ఈ కోవలోకి వస్తాయి. అసలు రూపం కాపాడాలి. ఛాసిస్‌లోగాని, బాడీలోగాని, ఇంజన్‌లోగాని మార్పులతో కూడిన భారీ మరమ్మతు జరిగి ఉండకూడదు. పాత రిజిస్ట్రేషన్ ఉన్న బండి తన పాత నంబరే ఉంచుకోవచ్చు. కొత్తగా రిజిస్టర్ చేస్తే రాష్ట్రం అక్షరాల తర్వాత వీ-ఏ అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, 10 ఏళ్లు చెల్లుతుంది, తిరిగి చేయించడానికి 5,000. రోజువారీ వాడకానికి, వ్యాపారానికి ఆ బండి రోడ్డెక్కకూడదు. ప్రదర్శన, ర్యాలీ, పెట్రోలు, మరమ్మతు లాంటి పనులకే. అధికారులు బండిని తనిఖీ చేసి మరీ ఇచ్చే హోదా ఇది. అంటే ప్రదర్శన కారు యజమానికి నంబరు అవసరం తగ్గలేదు, పెరిగింది. హంగు కోసం నల్లపలక మీద తెల్ల అంకెలు వేసుకునే సరదా కూడా ఈ సందర్భంలోనే మానుకోండి. పాతరోజుల్లో సొంత కార్లకు అదే చెల్లింది, ఇప్పుడు చెల్లదు. 50 ఏళ్లు నిండని పద్మినికీ, చివరి తరం అంబాసిడర్‌కూ ఈ హోదా రాదు. 25వ నంబరు ఫారంతో 5 ఏళ్లకోసారి మామూలు రెన్యువలే, ఆ రెన్యువల్‌కూ ఇన్‌స్పెక్టర్ ముందు నంబరు కనిపించాలి.

ఆఫీసులు ఆలస్యం చేస్తాయి, అర్జీ పెడితే నెలలు పడుతుంది, ఏజెంటుకిస్తే వారంలో అవుతుందన్న చివరి అభ్యంతరానికి నా దగ్గర తీపి జవాబు లేదు. ఆలస్యం నిజం. అయితే షెడ్డులో కారు ఎలాగూ నెలల తరబడి ఉంటుంది, ఆ నెలలు కాగితానికి కూడా ఇవ్వండి. ఏజెంటు వారంలో చేసిన పని సరైనదో కాదో బీమా క్లెయిమ్ రోజునో, మీరు అమ్మే రోజునో బయటపడుతుంది, ఆ రోజు సి-బుక్కు మీద ఉండే పేరు మీది. అమ్మేవాడు నంబరు కలవకపోయినా ఆఫీసులో మేం చూసుకుంటాం అన్నాడంటే, ఆ బండిని విడిభాగాల ధరకు, అదీ బిల్లు ఇస్తేనే కొనండి. లేదంటే వదిలేయండి.